పట్టాల మీద ఉత్తరాంధ్ర – 9: ఆగిన బళ్ళు, తిరిగొచ్చిన బళ్ళు

ఎచ్చెర్లలో రైల్వే స్టేషను లేదు. మద్రాసు నుంచి కలకత్తాకు పోయే పాత ట్రంకు రోడ్డు మాత్రం ఊరిని ఆనుకునే పోతుంది. ఇప్పుడది 16వ నంబరు జాతీయ రహదారి. రైలు దారి ఇటు రాలేదు. విజయనగరం వదిలాక నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, సిగడాం, పొందూరు అంటూ లోపలి ఊళ్ళ మీదుగా వెళ్ళి, దూసి తర్వాత నాగావళిని దాటి ఆమదాలవలస చేరుతుంది. ఎచ్చెర్ల వాళ్ళకు రైలంటే ఆమదాలవలసే. అక్కడి బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది. ఇంగ్లీషు వాళ్ళ రోజుల్లో అది చికాకోల్ రోడ్. ఊరి పేరు మారి ఇన్నేళ్ళయినా రైల్వే లెక్కల్లో ఆ స్టేషను కోడ్ నేటికీ సి.హెచ్.ఇ. కావడానికి కారణం అదే.

ఈ ఊరికి రైలు అవసరం లేదా అంటే, ఇంతకు ముందెన్నడూ లేనంతగా ఉంది. 2008లో ఇక్కడ అంబేడ్కర్ విశ్వవిద్యాలయం వచ్చింది. ఇదే మండలంలోని ఎస్.ఎం.పురంలో ట్రిపుల్ ఐటీ ఉంది. రాష్ట్రం నలుమూలల నుంచీ పిల్లలు పెట్టెలు మోసుకుని ఆమదాలవలసలో దిగి, ఆటోల్లోనో బస్సుల్లోనో ఇక్కడికి చేరుతున్నారు. తీరం వైపు బుడగట్లపాలెం లాంటి మత్స్యకార గ్రామాలున్నాయి. ఈ తీరం పొడవునా ఉన్న పల్లెల నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు చేపల వేటకు వలసపోయే వాళ్ళూ ఆ స్టేషనులోనే రైలెక్కాలి.

గత భాగంలో తూర్పు తీర రైలు మార్గం పుట్టుక చూశాం. 1866 ఒరిస్సా కరవు, 1888–89 గంజాం కరవు, వాటి మధ్య 1880 కరవు కమిషన్ నివేదిక, ఇవన్నీ తోసిన తోపుకే బెజవాడ నుంచి కటక్ దాకా 1893–96 మధ్య పట్టాలు పడ్డాయి. ధాన్యం ఉన్న చోటి నుంచి లేని చోటికి చేర్చడం ఒక లక్ష్యం, మద్రాసును కలకత్తాతో కలపడం ఇంకో లక్ష్యం. పొందూరు రైతు విజయనగరం సంతకు పోయి పొద్దుగూకేలోగా ఇల్లు చేరడం ఆ లక్ష్యాల్లో లేదు. ఆ సౌకర్యం పెద్ద పనికి తోకలా వచ్చింది. ఈ ప్రాంతపు ప్యాసింజర్ బళ్ళ కథ అర్థం కావాలంటే ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. ఇక్కడ పట్టాలు దూరం పోయే వాళ్ళ కోసం పడ్డాయి. దగ్గరికి పోయే వాళ్ళు వాటిని తమవిగా చేసుకున్నారు.

అలా చేసుకోవడానికి ఎంతో కాలం పట్టలేదు. అంతకు ముందు చికాకోల్ దాటి ఉత్తరానికి పోవాలంటే నదులే పెద్ద అడ్డు. 1876 వరదకు చికాకోల్ దగ్గర నాగావళి మీది వంతెనలో కొంత భాగం కొట్టుకుపోయింది. అవతల వంశధార ఉంది. వానాకాలం వస్తే ఎడ్లబండి ప్రయాణం రేవు దగ్గర ఎన్నాళ్ళు ఆగుతుందో చెప్పలేని పరిస్థితి. సముద్రం మీద కళింగపట్నం, బారువ, భీమునిపట్నం రేవుల నుంచి ఓడలుండేవి. రంగం (రంగూన్) వెళ్ళిన ఉత్తరాంధ్ర కూలీల మొదటి తరాలు ఆ ఓడల మీదే పోయాయి. రైలొచ్చాక సరుకు మెల్లగా పట్టాల వైపు మళ్ళింది, చిన్న రేవులు చిక్కిపోయాయి. జనం కూడా మళ్ళారు.

ఇక్కడ ఒక పరిపాలనా నిర్ణయం గురించి చెప్పాలి. దీన్ని మన చరిత్ర పుస్తకాలు ఒక్క వాక్యంతో దాటేస్తాయి. 1901లో వాల్తేరుకు దక్షిణాన ఉన్న లైను మద్రాసు రైల్వే చేతికి వెళ్ళింది. మరుసటి ఏడు వాల్తేరుకు ఉత్తరాన ఉన్నది బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్ళింది. ఒకే లైను, ఇద్దరు యజమానులు. ఆ రోజు నుంచి విజయనగరం, చికాకోల్, పలాసల టైంటేబులు కలకత్తాలో తయారయింది. 1944లో కంపెనీని ప్రభుత్వం తీసుకుంది, 1955లో అది ఆగ్నేయ రైల్వే అయింది. పేర్లు మారాయి, గార్డెన్ రీచ్‌లోని ప్రధాన కార్యాలయం మారలేదు. 2003 ఏప్రిల్ 1న తూర్పు కోస్తా రైల్వే పనిచేయడం మొదలెట్టాక పెత్తనం భువనేశ్వర్‌కు వచ్చింది. ఈ నూరేళ్ళ పైచిలుకు కాలంలో దూసిలో ఏ బండి ఎప్పుడు ఆగాలో దూసి ఎక్కడుందో తెలియని వాళ్ళే నిర్ణయించారని అంటే కొంచెం కటువుగా ఉంటుందేమో గాని, అబద్ధం కాదు.

దీనికి మినహాయింపుగా ఒక చిన్న లైను ఉంది. దాన్ని కలకత్తా కంపెనీ వేయలేదు, ఇక్కడి రాజు వేయించాడు.

పర్లాకిమిడి జమీందారు గౌరచంద్ర గజపతి నారాయణ దేవ్‌కు తన ఊరు రైలుకు దూరంగా ఉండిపోవడం నచ్చలేదు. పెద్ద లైను నౌపడ మీదుగా పోతోంది. నౌపడ నుంచి పర్లాకిమిడికి 25 మైళ్ళు, అంటే సుమారు 40 కిలోమీటర్లు. ప్రభుత్వ అనుమతి తీసుకుని, సుమారు 7 లక్షల రూపాయలు సొంత ఖర్చు పెట్టి, ఆయన రెండున్నర అడుగుల వెడల్పున్న నేరోగేజీ లైను వేయించాడు. 1900 ఏప్రిల్‌లో బండి నడిచింది. దాని పేరు పర్లాకిమిడి లైట్ రైల్వే.

ఆ సంవత్సరాన్ని గమనించండి. రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన మీదుగా రైళ్ళు మొదలైంది 1900 ఆగస్టులో. కోలాఘాట్ దగ్గర రూపనారాయణ్ నది మీది వంతెన కూడా ఆ ఏడు ఏప్రిల్‌లోనే తెరుచుకుంది. అంటే మద్రాసు నుంచి కలకత్తాకు నది దగ్గర దిగి పడవెక్కకుండా పోయే వీలు ఇంకా పూర్తిగా రాకముందే, పర్లాకిమిడి రాజుగారి చిన్న రైలు నౌపడ వచ్చి నిలబడింది. ఆయన తొందర అలాంటిది.

నేరోగేజీ ఎందుకంటే డబ్బు. పట్టాలు తేలిక, వంతెనలు చిన్నవి, మలుపులు ఎంత వంపుగా ఉన్నా ఫరవాలేదు, కట్టకు తక్కువ మట్టి చాలు. 7 లక్షల్లో 25 మైళ్ళు వచ్చాయంటే ఆ పొదుపు వల్లనే. మొదటి ఏళ్ళలో లాభం కనిపించలేదు. తర్వాత తర్వాత నిలదొక్కుకుంది. నౌపడ ఉప్పు మడులది, కొండల వైపు నుంచి వచ్చే ధాన్యానిది, అటవీ సరుకుది ఈ లైను మీద పెద్ద వాటా. టెక్కలి, పెద్దసాన, టెంబూరు, పాతపట్నం, ఆ తర్వాత పర్లాకిమిడి. 1929–31 మధ్య లైనును సవరల సీమలోకి, గుణుపురం దాకా పొడిగించారు. మొత్తం 90 కిలోమీటర్లయింది.

గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో రాజావారి బడిలో ఉద్యోగం చేసింది, సవర భాష నేర్చింది, వ్యావహారిక భాషోద్యమానికి దిగింది ఈ దారి మీదనే అనుకోవచ్చు. ఆయన పర్లాకిమిడి చేరింది 1880లో, లైను పడడానికి 20 ఏళ్ళ ముందు. ఊరు విడిచింది లైను పడ్డాక 36 ఏళ్ళకు. ఆ 1936 సంవత్సరమే ఈ చిన్న రైలు కథలో మొదటి కోత.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. దాని కోసం గట్టిగా నిలిచిన వాళ్ళలో ముఖ్యుడు గౌరచంద్ర గజపతి కొడుకు కృష్ణచంద్ర గజపతి. మరుసటి ఏడు ఒరిస్సాకు మొదటి ప్రధానమంత్రి అయిందీ ఆయనే. పర్లాకిమిడి పట్టణం ఒరిస్సాలో కలిసింది. జమీందారీలో పెద్ద భాగం మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. పర్లాకిమిడికీ పాతపట్నానికీ మధ్య మహేంద్రతనయ పారుతుంది, రెండు రాష్ట్రాల సరిహద్దు అదే. ఊరు ఒరిస్సాలో కలవడాన్ని జీర్ణించుకోలేక గిడుగు రాజమండ్రి వెళ్ళిపోయారు. రైలు మాత్రం రోజూ రెండు రాష్ట్రాల మధ్య అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. నౌపడ నుంచి పాతపట్నం దాకా తెలుగు నేల, అక్కడి నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వరకు ఒడియా నేల. రాజకీయాలు కోసిన నేలను బండి కలిపి కుట్టింది. జనం ఆ కుట్టు మీదనే పెళ్ళిళ్ళకూ సంతలకూ ఆసుపత్రికీ తిరిగారు.

మరి అంత పనికొచ్చిన రైలు ఎందుకు చిక్కిపోయింది? జవాబు నౌపడ ప్లాట్‌ఫారం మీద ఉంది. నేరోగేజీ బండి పెద్ద లైను మీద నడవదు. గుణుపురం నుంచి వచ్చిన ప్రయాణికుడు నౌపడలో దిగాలి, మూటాముల్లె మోసుకుని పెద్ద లైను బండి కోసం ఆగాలి. బస్తాలదీ అదే గతి, ఒక వ్యాగన్ నుంచి దించి ఇంకో వ్యాగన్‌లోకి ఎక్కించాలి. ప్రతి దింపుకీ కూలీ ఖర్చు, ఆలస్యం, కొంత నష్టం. రోడ్లు బాగుపడని రోజుల్లో ఇది భరించదగ్గ బాధ. టెక్కలి నుంచి శ్రీకాకుళం మీదుగా విశాఖకు నేరుగా బస్సు దొరికాక ఎవరు భరిస్తారు? 1900లో పొదుపు చేసిన డబ్బుకు ఆ తర్వాత నూరేళ్ళ పాటు వడ్డీ కట్టినట్టయింది.

2002లో గేజీ మార్పిడికి పునాది పడింది. 2004 జూన్‌లో నేరోగేజీ బండి ఆగిపోయింది. తర్వాత ఆరేడేళ్ళు టెక్కలి, పాతపట్నం వాళ్ళకు ఏ రైలూ లేదు. 2011 నాటికి గుణుపురం దాకా బ్రాడ్‌గేజీ పూర్తయి, కొత్త బళ్ళు నడిచాయి. వచ్చిన తేడా పట్టాల వెడల్పులోనే ఉందనుకుంటే పొరపాటు. గుణుపురం నుంచి విశాఖపట్నానికి నేరుగా ప్యాసింజర్ వచ్చింది. పూరీకి నేరుగా బండి వచ్చింది. ఆ తర్వాత రవుర్కెలా దాకా రాజ్యరాణి ఎక్స్‌ప్రెస్ కూడా నడిచింది. నౌపడలో దిగే పని లేకుండా పోయింది. పాతపట్నంలో ఎక్కిన మనిషి శ్రీకాకుళం రోడ్డులోనో విజయనగరంలోనో విశాఖలోనో దిగవచ్చు. ఉత్తరాంధ్రలో ఒక పాత ప్రయాణ మార్గం నిజంగా తిరిగి బతికిందంటే ఇదొక్కటే అని నా ఉద్దేశం.

ఇప్పుడు బొబ్బిలికి పోదాం. ఇక్కడి కథ తలకిందులు.

విజయనగరం నుంచి పార్వతీపురం వరకు బెంగాల్ నాగపూర్ కంపెనీ 1908–09లో లైను వేసింది. 1913లో బొబ్బిలి నుంచి సాలూరుకు 18 కిలోమీటర్ల శాఖ వేసింది. అసలు లైను పార్వతీపురం దాటి కొండల్లోంచి రాయపూర్ చేరి పూర్తయేసరికి 1931 అయింది. మధ్య రాష్ట్రాల సరుకును సముద్రానికి దించడానికి వేసిన దారి అది. విశాఖపట్నం హార్బరు 1933లో తెరుచుకుంది. సాలూరు శాఖ దానికి ముందుమాట లాంటిది. జయపురం, కొరాపుట్ వైపు ఘాట్ రోడ్డు మొదలయ్యేది సాలూరు దగ్గరే. కొండల సరుకు బళ్ళ మీద సాలూరు దిగి రైలెక్కేది.

ఇది మొదటి నుంచీ బ్రాడ్‌గేజీయే. నౌపడ లైనుకు నూరేళ్ళ తర్వాత దక్కిన భాగ్యం సాలూరుకు పుట్టుకతోనే ఉంది. అయినా నిలవలేదు. 1960ల్లో కొత్తవలస–కిరండోల్ లైను పడి కొరాపుట్‌కు రైలు ఇంకో దారిలో చేరింది. ఘాట్ రోడ్డు సరుకును లారీలు అందుకున్నాయి. రాష్ట్రంలో లారీల ఊరుగా విజయవాడ తర్వాత సాలూరు పేరు చెప్పుకునే రోజులొచ్చాయి. రైలు తెచ్చిన వ్యాపారం వల్ల ఎదిగిన ఊరు ఆ రైలుకే పోటీ అయి కూర్చుంది! సరుకు పోయాక ప్రయాణికులే మిగిలారు. వాళ్ళ కోసం పూర్తి రైలెందుకని రైలుబస్సు పెట్టారు. ఒంటి పెట్టెకే ఇంజను బిగించి, పట్టాల మీద నడిపే బస్సు అది. చాలా ఏళ్ళు బొబ్బిలికీ సాలూరుకీ మధ్య తిరిగింది. చూడ్డానికి వచ్చే వాళ్ళకు అదో సరదా. రోజూ ఎక్కే వాళ్ళకు మాత్రం అది బొబ్బిలిలో దింపేసే బండి. విజయనగరం పోవాలంటే అక్కడ ఇంకో రైలు పట్టుకోవాలి, ఆ రైలు రైలుబస్సు కోసం ఆగదు. సాలూరు నుంచి విజయనగరానికి నేరుగా ఆర్టీసీ బస్సుంటే దీన్ని ఎక్కేదెవరు? చేతిలో పైసలు తక్కువున్న వాళ్ళూ, తొందర లేని వాళ్ళూ. 2020లో కోవిడ్ పేరు మీద ఆగిన ఆ రైలుబస్సు చాలా ఏళ్ళు కదల్లేదు.

నౌపడలో గేజీ విడగొట్టింది, బొబ్బిలిలో టైంటేబులు విడగొట్టింది. ఫలితం ఒక్కటే. ప్రయాణికుణ్ణి మధ్యలో దింపేసే శాఖ లైను ఎక్కువ కాలం నిలవదు. గోదావరి సీమలో కాకినాడ–కోటిపల్లి లైను కూడా ఈ మాటే చెబుతుంది. 1928లో వేసిన ఆ లైను పట్టాలను రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇనుము అవసరమని పీకేశారు. లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పట్టుదలతో మళ్ళీ మొదలైన పని 2004లో పూర్తయింది, ఆయన అప్పటికి రెండేళ్ళ కిందటే హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఆరు దశాబ్దాల తర్వాత తిరిగి పట్టాలు పడ్డం చిన్న విషయం కాదు. కానీ వాటి మీద నడిపింది రైలుబస్సే. అవతలి కొసన గోదావరి దాటి నరసాపురం చేరితేనే ఆ లైనుకు ఊపిరి.

బ్రిటన్‌లో 1960ల్లో బీచింగ్ నివేదిక పేరు మీద వేల మైళ్ళ శాఖ లైన్లను మూసేశారు. వాటిలో స్కాట్లండు సరిహద్దుల్లోని వేవర్లీ మార్గం ఒకటి, 1969 జనవరిలో ఆగింది. దాని ఉత్తర భాగాన్ని 2015 సెప్టెంబరులో బోర్డర్స్ రైల్వే పేరుతో తెరిచారు. తెరిచినప్పుడు దాన్ని దగ్గర్లోని ఏ జంక్షన్‌లోనో ఆపేయలేదు, టీడ్‌బ్యాంక్ నుంచి ఎడిన్‌బరో నడిబొడ్డు వరకు నేరుగా నడిపారు. 46 ఏళ్ళ తర్వాత కూడా జనం ఎక్కడానికి కారణం అదే. మనకు విదేశీ ఉదాహరణ అక్కర్లేదు నిజానికి, పాతపట్నం చాలు. కానీ మన దగ్గర జరిగిన మంచి పని బయట జరిగినట్టు చెబితేనే కొందరు నమ్ముతారు.

ఇక పెద్ద లైను మీద తిరిగే ఊరి బళ్ళ సంగతి. విశాఖ–పలాస, విశాఖ–గుణుపురం, విశాఖ–రాయగడ ప్యాసింజర్లు ఇక్కడి జనానికి ఎన్నో ఏళ్ళుగా తెలిసిన బళ్ళు. పొందూరు నేత బట్ట, చీపురుపల్లి వైపు కూరగాయలు, విజయనగరం కాలేజీ పిల్లలు, విశాఖ కేజీహెచ్‌కు పోయే రోగులు, అందరూ ఈ పెట్టెల్లోనే. వెనక నుంచి ఎక్స్‌ప్రెస్ వస్తోందని లూప్ లైనులో నిలబెడతారు. గూడ్సుకు దారివ్వడానికి మళ్ళీ నిలబెడతారు. "క్రాసింగులో పడ్డది" అని ఒకరు గొణిగితే పక్క మనిషి వేరుశెనగ పొట్లం విప్పుతాడు. ఇంత సతాయించినా ఈ బండిని వదలకపోవడానికి కారణం టికెట్టు ధర. కనీస చార్జీ 10 రూపాయలు.

2020 మార్చి 22 అర్ధరాత్రి నుంచి దేశమంతా ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి. ఎక్స్‌ప్రెస్‌లు ముందు కదిలాయి, ప్యాసింజర్లు ఆఖర్న వచ్చాయి. వచ్చినవి పాత పేరుతో రాలేదు, నంబరు ముందు సున్నా తగిలించుకుని స్పెషల్ అనే వేషంలో వచ్చాయి. బండి అదే, పెట్టెలవే, నత్త నడక అదే. కనీస చార్జీ మాత్రం 30 రూపాయలు, ఎక్స్‌ప్రెస్ లెక్క. కొన్ని చిన్న స్టేషన్లలో ఆగడం మానేశాయి. నాలుగేళ్ళకు, 2024 ఫిబ్రవరిలో, చార్జీ మళ్ళీ 10 రూపాయలకు దిగింది. 2025 జనవరి 1 నుంచి నంబర్ల ముందు సున్నా పోయింది. పత్రికలు దీన్ని పునరుద్ధరణ అన్నాయి. తీసుకున్నది తిరిగివ్వడానికి ఆ మాట కొంచెం పెద్దదనిపిస్తుంది నాకు.

ఈ బళ్ళ ప్రస్తావన వచ్చినప్పుడు 2023 అక్టోబరు 29 రాత్రిని దాటిపోలేం. విజయనగరం జిల్లాలో కంటకాపల్లి, అలమండల మధ్య విశాఖ–పలాస ప్యాసింజర్‌ను వెనక నుంచి విశాఖ–రాయగడ ప్యాసింజర్ గుద్దింది. 14 మంది చనిపోయారు. రెండూ ఊరి బళ్ళే. రెండింట్లోనూ ఉన్నది విశాఖలో పని చూసుకుని ఇళ్ళకు తిరిగిపోతున్న ఈ రెండు మూడు జిల్లాల జనమే. ఎక్కువ బళ్ళు అడిగే ముందు, ఉన్న బళ్ళు భద్రంగా నడవడానికి కావలసిన సిగ్నళ్ళ గురించి అడగాలి.

ఎచ్చెర్ల మాటకొస్తే నిజాయితీగా ఒకటి చెప్పాలి. ఇక్కడి నుంచి విశాఖకు రైలు అక్కర్లేదు. హైవే మీద నిలబడితే బస్సు వస్తుంది. రైలు కోసం వెనక్కి ఆమదాలవలస పోయి ఎక్కేలోగా ఆ బస్సు రణస్థలం దాటేస్తుంది. స్థానిక రైలు ప్రాణావసరం అయింది హైవే తగలని బాతువ, సిగడాం, పొందూరు, దూసి లాంటి ఊళ్ళకు. 2024 మార్చిలో మొదలైన భువనేశ్వర్–విశాఖ వందేభారత్ శ్రీకాకుళం రోడ్డులో ఆగుతుంది, ఈ ఊళ్ళలో ఏ ఒక్క దాంట్లోనూ ఆగదు. అలా ఆగకపోవడం తప్పు కాదు, అది అందుకోసం పుట్టిన బండి కాదు. అది పోవడానికి ప్యాసింజర్‌ను పక్కన నిలబెట్టినప్పుడే తగువు. ఎచ్చెర్లకు కావలసింది వేరు. తెల్లవారుజామున ఆమదాలవలసలో దూరపు రైలు దిగిన విద్యార్థికి స్టేషను బయట ఎస్.ఎం.పురం బస్సు కనిపించాలి. ఎన్నో ఏళ్ళుగా రైలు వాళ్ళూ బస్సు వాళ్ళూ ఒకరి గడియారం ఒకరు చూసుకోకపోవడం వల్ల ఆ లాభం ఆటోలకు పోతోంది. ఆటో వాళ్ళ మీద నాకు ఫిర్యాదు లేదు.

లూప్ లైను బాధకు మందు కొత్త లైనే. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఖుర్దా రోడ్ నుంచి విజయనగరం వరకు మూడో లైనును ఆమోదించింది. అది పూర్తయితే గూడ్సులకు వేరే దారి దొరికి, ప్యాసింజర్లకు తమ వేళకు తాము నడిచే వీలుంటుంది. వీలు దొరకడం వేరు, దాన్ని ఎవరికిస్తారన్నది వేరు. దొరికిన ఖాళీలో ఇంకో పది గూడ్సులు దూర్చడం రైల్వేకు ఆదాయం.

కాబట్టి మళ్ళీ పెత్తనం దగ్గరికే వస్తాం. 2019 ఫిబ్రవరి 27న విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రకటించారు. 2025 జనవరి 8న ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాతి నెల వాల్తేరు డివిజన్‌ను రెండుగా విడదీస్తూ మంత్రివర్గం గీత గీసింది. పలాస నుంచి విశాఖ మీదుగా దువ్వాడ వరకు పెద్ద లైను, కూనేరు–విజయనగరం, బొబ్బిలి–సాలూరు లైన్లు విశాఖపట్నం డివిజన్‌కు వచ్చాయి. దూసి టైంటేబులు 1902 తర్వాత మొదటిసారి దూసికి దగ్గర్లో తయారయ్యే రోజు వస్తోందన్నమాట.

నౌపడ లైనును మాత్రం పర్లాకిమిడి దగ్గర రెండు ముక్కలు చేశారు. నౌపడ–పర్లాకిమిడి విశాఖపట్నానికి, పర్లాకిమిడి–గుణుపురం కొత్త రాయగడ డివిజన్‌కు, అంటే భువనేశ్వర్ జోన్‌కు. 1936లో రాష్ట్రాల గీత ఎక్కడ పడిందో 2025లో రైల్వే గీత దాదాపు అక్కడే పడింది. గుణుపురం బండి విశాఖకు నేరుగా పోతేనే ఆ లైను బతికిందని పైన చూశాం. ఇకపై ఆ ఒక్క బండి వేళ మార్చాలన్నా రెండు జోన్లు ఒప్పుకోవాలి. మరోవైపు 2024 ఆగస్టులో గుణుపురం నుంచి తెరువలి వరకు సుమారు 73 కిలోమీటర్ల కొత్త లైనుకు అనుమతి వచ్చింది. అది పూర్తయితే రాజుగారి లైను ఇక కొస లైను కాదు. నౌపడ నుంచి పర్లాకిమిడి, గుణుపురం మీదుగా రాయపూర్ మార్గాన్ని కలిసే అడ్డదారి అవుతుంది. గూడ్సుల కన్ను దాని మీద పడక మానదు. పాతపట్నం ప్యాసింజర్ అప్పుడు ఎవరి వెనక ఎన్ని గంటలు నిలబడుతుందో ఇప్పటి నుంచే అడగడం మంచిది, రెండు చోట్లా అడగాలి.

సాలూరు విషయంలో ఆ చిక్కు లేదు. 18 కిలోమీటర్లూ విశాఖపట్నం డివిజన్‌లోనే ఉన్నాయి, బొబ్బిలి నుంచి విజయనగరం, విశాఖ దారీ అందులోనే ఉంది. సాలూరులో ఉదయం ఎక్కిన పెట్టెను బొబ్బిలిలో ఖాళీ చేయించకుండా విశాఖ దాకా నడపడానికి భువనేశ్వర్‌ను అడగాల్సిన పనిలేదు.

(వచ్చే భాగం: ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో తెలుగు వాళ్ళు, వి.వి. గిరి, 1927–28 సమ్మెలు)